ఇంట్లో చేసిన కొబ్బరి నూనె సబ్బు బోరు నీటిలో తెట్టు కడుతోంది, చేతులు మండుతున్నాయి: ఎక్కడ పొరబడ్డాను?

ప్రశ్న: రాజోలు దగ్గరి పల్లె నుంచి ఒక గృహిణి

అందరికీ నమస్కారం. మాది రాజోలు దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఒక చిన్న ఊరు. ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లున్నాయి. పోయిన దింపులో గిట్టుబాటు ధర రాదనిపించిన కాయను అమ్మకుండా కొట్టి, ఎండబెట్టి, మిల్లులో ఆడించి నూనె తీయించుకున్నాము. తలకు, వంటకు పోను మిగిలిన నూనెతో సబ్బు చేసుకుంటే ఇల్లంతటికీ సరిపోతుందన్న ఆలోచనతో మే నెలాఖరులో మొదటిసారి ప్రయత్నించాను.

నేను చూసిన వీడియోలో కిలో కొబ్బరి నూనెకు 174 గ్రాముల కాస్టిక్ సోడా, 350 గ్రాముల నీరు అని చెప్పారు. ఉన్న నూనెంతా సబ్బుకే పోయడానికి మనసొప్పక అర కిలో కొబ్బరి నూనెకు అర కిలో పామాయిలు కలిపి, మిగతా కొలతలు అలాగే ఉంచాను. నీళ్ళు మా బోరువే. సబ్బు గట్టిగానే పేరుకుంది, పన్నెండు బిళ్ళలు వచ్చాయి. ఆరు వారాలు ఆరబెట్టి ఇప్పుడు వాడటం మొదలుపెడితే కష్టాలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. బోరు నీటిలో నురగ రాదు సరికదా, విరిగిన పాలలా తెల్లటి తెట్టు తేలి బకెట్టు అంచులకు పట్టుకుంటోంది. ఆ నీటిలో ఉతికిన తువ్వాళ్ళు అట్టల్లా బిరుసెక్కుతున్నాయి. రెండుసార్లు అంట్లు తోమేసరికి వేళ్ళ సందులు మండాయి. పైగా వానలు పట్టిన దగ్గర నుంచి బిళ్ళల మీద చెమట పట్టినట్టు నీటి బొట్లు కనిపిస్తున్నాయి, కొన్నింటి మీద తెల్లటి పొడి కూడా పేరుకుంది.

ఈ సబ్బులను పారవేయవలసిందేనా, లేక బాగుచేసుకునే మార్గం ఉందా? మా అత్తగారు కుంకుడుకాయ, సున్నిపిండి ఉండగా ఈ మందులతో పనేమిటని అంటున్నారు. ఆవిడ మాట కొట్టివేయలేకపోతున్నాను, కానీ బడికి వెళ్ళి వచ్చే ఇద్దరు పిల్లలున్న ఇంట్లో చేతులు కడగడానికి, గిన్నెలకు, గుడ్డలకు దేన్ని నమ్ముకోవాలో తేల్చుకోవాలని ఉంది. తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు 1: అమలాపురం నుంచి, పదవీ విరమణ చేసిన రసాయన శాస్త్ర అధ్యాపకుడు

అమ్మా, మీరు కొలతలన్నీ దాచకుండా రాయడం వల్ల తప్పు ఎక్కడ జరిగిందో కూర్చున్న చోటి నుంచే లెక్క కట్టగలిగాను. సబ్బులు పారవేయనవసరం లేదు, అయితే ఇప్పుడున్న స్థితిలో ఒంటికి మాత్రం వాడకండి.

ముందుగా చేతుల మంట సంగతి. ప్రతి నూనెకూ అది పూర్తిగా సబ్బుగా మారడానికి కావలసిన కాస్టిక్ సోడా వేరువేరుగా ఉంటుంది. కిలో కొబ్బరి నూనెకు సుమారు 183 గ్రాములు పడితే, కిలో పామాయిలుకు సుమారు 141 గ్రాములే చాలు. వీడియోలో చెప్పిన 174 గ్రాములు కొబ్బరి నూనెలో నూటికి అయిదు వంతులు సబ్బుగా మారకుండా మిగిలేటట్టు లెక్కకట్టిన కొలత, కనుక ఆ నూనె వరకు అది సరైనదే. మీరు సగం పామాయిలు కలిపారు కాబట్టి మొత్తానికి 162 గ్రాములే అవసరం, నూనె కొంత మిగలాలంటే 154 గ్రాములే వేయాలి. అంటే దాదాపు 12 గ్రాముల కాస్టిక్ సోడా పట్టుకోవడానికి నూనె దొరకక సబ్బులోనే ఉండిపోయింది. వేళ్ళ సందులు మండటానికి కారణం అదే. అందులో కొంత గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి చాకలి సోడాగా మారుతుంది. మీరు చూసిన తెల్లటి పొడి ప్రధానంగా అదే అయి ఉంటుంది.

దీనికి మందు నూనే. బిళ్ళలన్నీ సన్నగా తురిమి స్టీలు గిన్నెలో వేసి, ఆ గిన్నెను నీళ్ళు మరుగుతున్న పెద్ద గిన్నెలో ఉంచి, సబ్బు తడిసేంత వాననీరు చిలకరించి కరగనివ్వండి. మిగిలిన కాస్టిక్ సోడాను పూర్తిగా పట్టుకోవడానికి 65 గ్రాముల కొబ్బరి నూనె కావాలి, ఆపైన కొంచెం నూనె సబ్బులో మిగిలితేనే చర్మానికి మంచిది. అన్ని బిళ్ళలూ ఉంటే 120 గ్రాములు, ఒకటి రెండు అరిగిపోయి ఉంటే 110 గ్రాములు పోసి సన్నని సెగ మీద గంటసేపు కలపండి. జావలా అయిన తరువాత అచ్చులో అదిమి మూడు నాలుగు వారాలు ఆరనివ్వండి. అది చూడటానికి నున్నగా ఉండదు కానీ చేతులను కాల్చదు. సబ్బు మీద పసుపు రాసి ఎర్రబడితే కాస్టిక్ సోడా మిగిలిందని కొందరు చెబుతుంటారు, దానిని నమ్మకండి. సబ్బు స్వభావం చేతనే క్షారం కనుక ఎంత మంచి సబ్బు మీదనైనా పసుపు ఎర్రబడుతుంది. పసుపు మరక పడిన చీరకు సబ్బు రుద్దినప్పుడు మనం రోజూ చూసేది అదే.

ఇక తెట్టు. మీ ఊరి బోరు నీటిలో రెండు వేరువేరు దోషాలున్నాయి, మనం రెండింటినీ కలిపి ఉప్పునీరు అనేస్తాము. ఒకటి నిజంగా ఉప్పు, అది సముద్రం నుంచి వచ్చినది. రెండవది కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల వచ్చే కాఠిన్యం. సబ్బు కాల్షియంతో కలవగానే నీటిలో కరగని పదార్థంగా విరిగిపోతుంది. మీ బకెట్టుకు పట్టిన తెట్టు, తువ్వాలులో ఇరుక్కుని దానిని బిరుసు చేస్తున్నది ఆ పదార్థమే. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములకు మించకూడదని, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు సహించవచ్చని మన ప్రమాణాలు చెబుతున్నాయి. 300 మిల్లీగ్రాములున్న నీటినే తీసుకున్నా, లీటరు నీరు ఒకటిన్నర గ్రాములకు అటూ ఇటూగా సబ్బును నురగ రాకముందే మింగేస్తుంది. 15 లీటర్ల బకెట్టులో ఇరవై గ్రాములకు పైగా సబ్బు మురికి ముఖం చూడకుండానే తెట్టయిపోతుందన్న మాట. ఇది మీ సబ్బు దోషం కాదు, అంగడి సబ్బుదీ ఇదే గతి.

అయితే నూనెను బట్టి ఒక తేడా ఉంది, కోనసీమ వారికి అది వరం వంటిది. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దాని అణువు పొట్టిది కావడం వల్ల ఆ సబ్బు ఉప్పు కలిసిన నీటిలో కూడా కరిగి నురగ ఇస్తుంది. పూర్వం ఓడల మీద సముద్రపు నీటితోనే స్నానం చేయవలసిన నావికులకు కొబ్బరి నూనె సబ్బునే ఇచ్చేవారు. పామాయిలులో ఎక్కువగా ఉండే పామిటిక్ ఆమ్లం అణువు పొడవైనది, దాని సబ్బు ఉప్పునీటిలో కరగదు. నూనె మిగిలించుకుందామని మీరు చేసిన మార్పే మీ నీటికి తగిన సబ్బును తగనిదిగా మార్చింది. మరుసటిసారి మొత్తం కొబ్బరి నూనెతోనే చేయండి. అలా చేసిన సబ్బు చర్మంలోని జిడ్డును కూడా లాగేసి పొడిబారుస్తుంది కనుక, స్నానానికైతే కాస్టిక్ సోడాను 146 గ్రాములకు తగ్గించి ఐదో వంతు నూనెను మిగలనివ్వండి. గుడ్డలకు, గిన్నెలకు చేసేదానికి 174 గ్రాములు సరిపోతాయి.

కాఠిన్యానికి మాత్రం కొబ్బరి సబ్బు కూడా లొంగుతుంది. గుడ్డలు నానబెట్టే ముందు బకెట్టు నీటిలో ఒక చెంచా చాకలి సోడా పొడి కలిపి అరగంట ఆగితే కాల్షియం అడుగుకు దిగుతుంది, పైనున్న తేట నీటిని వాడుకోవచ్చు. దీనివల్ల కాఠిన్యం తగ్గుతుంది కానీ ఉప్పదనం పోదు. పట్టు, ఉన్ని బట్టలకు చాకలి సోడా తగలనివ్వకూడదు. బకెట్టుకు పట్టిన పొర మీద నిమ్మ చెక్కతో రుద్దితే వదులుతుంది. డిటర్జెంటు పొడి కాల్షియంతో ఇలా విరిగిపోదు కనుక, బోరు నీరు తప్ప గత్యంతరం లేని రోజున గుడ్డలకు దానిని వాడటంలో తప్పు పట్టవలసినది ఏమీ లేదు.

మీ నీటిని మీరే పరీక్షించుకోవచ్చు. ఒకే రకం సీసాలు మూడు తీసుకుని, ఒకదానిలో వాననీరు, రెండవదానిలో వాననీటిలోనే చెంచాడు ఉప్పు కలిపినది, మూడవదానిలో బోరు నీరు సమానంగా పోసి, కొబ్బరి సబ్బు కరిగించిన నీటిని చుక్కల లెక్కన వేసి గిలకొట్టండి. నురగ నిలవడానికి ఏ సీసాకు ఎన్ని చుక్కలు పట్టాయో రాసుకుంటే, మీ ఇంట్లో సబ్బును పాడుచేస్తున్నది ఉప్పా, కాఠిన్యమా అన్నది మీకే తెలుస్తుంది.

జవాబు 2: అంబాజీపేట వైపు నుంచి, ఇంట్లో సబ్బులు చేసే ఒక గృహిణి

మాస్టారు గారు లెక్కలు చెప్పారు కనుక నేను చేతిపని గురించి చెబుతాను చెల్లీ. నేను ఆరేళ్ళుగా చేస్తున్నాను, మొదటి ఏడాది పాడుచేసిన నూనెను తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

సబ్బు కలపడానికి బోరు నీరు అసలు వాడవద్దు. కాస్టిక్ సోడా వేయగానే ఆ నీరు సున్నం కలిపిన నీటిలా తెల్లబడటం మీరు గమనించే ఉంటారు. ఆ తెల్లదనం సబ్బులో రవ్వలుగా మిగులుతుంది. మొదటి రెండు వానలకు కప్పు కడిగిపోయాక, మూడో వాన నీటిని గుడ్డలో వడకట్టి డబ్బాలలో పట్టి ఉంచుకుంటే ఏడాది సబ్బుకు సరిపోతుంది. సబ్బుకు పట్టే నీరు ఎంతని!

కాస్టిక్ సోడాను ఎప్పుడూ నీటిలోకి కొంచెం కొంచెంగా వేయాలే తప్ప కాస్టిక్ సోడా మీద నీరు పోయకూడదు, పోస్తే ఒక్కసారిగా మరిగి ముఖం మీదకు చిందుతుంది. మనం సత్తు గిన్నె అని పిలిచే అల్యూమినియం గిన్నెను ఈ పనికి దగ్గరకు రానివ్వకండి, కాస్టిక్ సోడా దానిని తినేస్తూ మండే వాయువును పుట్టిస్తుంది. స్టీలు గిన్నె, దళసరి ప్లాస్టిక్ జగ్గు, కళ్ళద్దాలు, రబ్బరు తొడుగులు ఉండాలి. కిటికీలు తెరిచి, పిల్లలు బడికి వెళ్ళిన సమయంలో చేసుకోవాలి. చేతి మీద చుక్క పడితే వెనిగరు కోసం వెతకకుండా పంపు కింద పెట్టి చాలాసేపు నీరు పోయాలి. కంట్లో పడితే అలాగే కడుగుతూ ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ మాట భయపెట్టడానికి చెప్పడం లేదు. పక్కింటి అమ్మాయి గాజు గ్లాసులో కలపబోయి, అది వేడికి పగిలి, పాదం మీద పడటం నా కళ్ళతో చూశాను.

నూనె సంగతి కూడా కొంత చెప్పాలి. అటక మీద నెలల తరబడి ఉండి లోపలి నీరు ఇంకిపోయి, కదిపితే గుండులా ఆడే కురిడీ నుంచి తీసిన నూనె తేటగా, కమ్మగా ఉంటుంది. వానలో తడిసి బూజు పట్టిన ముక్కల నూనెతో చేసిన సబ్బుకు రెండు మూడు నెలలకే నారింజ రంగు మచ్చలు వచ్చి ముక్కవాసన వేస్తుంది. అటువంటి నూనెను గుడ్డల సబ్బుకే కేటాయించండి. కొబ్బరి నూనె సబ్బు తొందరగా గట్టిపడుతుంది. రాత్రి పోసి మర్నాడు సాయంత్రం కోద్దామనుకుంటే కత్తి కింద పెంకులుగా విరుగుతుంది, అందుచేత అచ్చులో పోసిన అయిదారు గంటల నుంచే వేలితో నొక్కి చూస్తూ, జున్నులా ఉన్నప్పుడు కోసేయాలి.

బిళ్ళలు చెమర్చడం సబ్బు చెడిపోయినందువల్ల కాదు. నూనె సబ్బుగా మారేటప్పుడు గ్లిసరిన్ కూడా పుడుతుంది. పెద్ద కర్మాగారాలు దానిని విడదీసి వేరే అమ్ముకుంటాయి కానీ మన సబ్బులో అది అలాగే ఉండి, ఆషాఢ శ్రావణాల గాలిలోని తేమను లాక్కుంటుంది. అందుకే నేను మాఘం నుంచి చైత్రం లోపల ఏడాదికి సరిపడా పోసుకుని, వెదురు తడక మీద ఎడంగా పేర్చి, వానలు రాకముందే కాగితంలో చుట్టి మూత ఉన్న డబ్బాలో దాచుకుంటాను. వాడే బిళ్ళను నీరు నిలిచే సబ్బు పెట్టెలో కాకుండా కొబ్బరి పీచు చుట్ట మీద ఉంచితే సగం కాలం ఎక్కువ మన్నుతుంది.

బంధువులకు ఇవ్వడం వేరు. అమ్మాలని ఎప్పుడైనా అనిపిస్తే, ఒంటి సబ్బు చట్టం దృష్టిలో సౌందర్య సాధనం కాబట్టి 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం లైసెన్సు తీసుకోవాలని గుర్తుంచుకోండి.

జవాబు 3: లంక గ్రామాలలో పనిచేసిన ఆరోగ్య కార్యకర్త

నేను గోదావరి పాయల మధ్య లంకల్లో ఇరవై ఏళ్ళకు పైగా తిరిగినదానిని. మీ అత్తగారి మాటలో న్యాయం ఉంది, దానిని పక్కన పెట్టవద్దు. కుంకుడుకాయలో నురగనిచ్చే పదార్థం సబ్బు కాదు కనుక కాల్షియంతో విరిగి తెట్టు కట్టదు. ఉప్పునీటి ఊళ్ళలో తలంట్లకు, పట్టుచీరలకు అది నిలిచి ఉండటానికి ఇదొక కారణమని నా నమ్మకం. సున్నిపిండి జిడ్డును పీల్చి ఒంటిని శుభ్రం చేస్తుంది. కానీ దొడ్డికి వెళ్ళి వచ్చాక, పసిబిడ్డను కడిగాక, అన్నానికి ముందు చేతులు కడగడానికి మాత్రం సబ్బే ఉండాలి. ఎందుకంటే పిండి కలుపుకునే ఓపిక ఆ సమయంలో ఎవరికీ ఉండదు. బూడిదతోనో మట్టితోనో సరిపెట్టుకునే ఇళ్ళలో విరేచనాలు ఎలా తిరుగుతాయో చూసినదానిని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. సబ్బు సూక్ష్మక్రిములను పట్టి ఉంచే జిడ్డును విడదీసి నీటితో పంపేస్తుంది, అందుకు కనీసం 20 సెకన్లు గోళ్ళ సందులు, బొటనవేలి మొదలు కూడా రుద్దాలి. చేతులకు బోరు నీటి కంటే కాలువ నీటిని తేర్చి, కుండలో విడిగా పెట్టుకుని వాడితే తక్కువ సబ్బుతోనే పని జరుగుతుంది. కాలువలు కట్టేసే ఎండాకాలంలో ఆ కుండే మీకు ఆధారం.

ఇల్లు శుభ్రం అనే మాటకు మా లంకల్లో మరొక అర్థం ఉంది. 2022 జులైలో వరద ఇళ్ళలోకి వచ్చి దిగిపోయాక గోడల మీద జానెడు ఒండ్రు మిగిలింది. అప్పుడు చాలామంది ఆ బురద మీదనే బ్లీచింగు చల్లారు. మురికి మీద చల్లిన బ్లీచింగు ఆ మురికితోనే ఖర్చయిపోతుంది, క్రిముల దాకా చేరదు. ముందు పారతో ఒండ్రు ఎత్తి, సబ్బు నీటితో రుద్ది కడిగి, ఆ తరువాత బ్లీచింగు నీరు పోయాలి. మరుగుదొడ్డికి వాడే యాసిడ్‌ను, బ్లీచింగును ఒకే రోజున ఒకే చోట వాడకండి, రెండూ కలిస్తే ఊపిరాడనివ్వని క్లోరిన్ వాయువు పుడుతుంది. బావికైతే ముందుగా అందులో ఎంత నీరుందో కొలిచి, 1000 లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పొడిని బకెట్టు నీటిలో కలిపి, సున్నం అడుగున పేరుకున్నాక పై తేటను మాత్రం బావిలో వంచి, గంట ఆగాక వాడుకోవాలి. పొడి మూట విప్పి నెలలైతే దానిలో పస ఉండదని మరవకండి.

మరొక మనవి. కాలువ నీటిలో సబ్బు బాగా నురగ ఇస్తుందని గుడ్డలు రేవులోకి తీసుకువెళ్ళి ఉతకకండి. ఆ దిగువ ఊరి చెరువు నిండేది ఆ నీటితోనే. బిందెతో ఇంటికి తెచ్చుకుని ఉతికి, సబ్బు నీటిని అరటి పాదులకు కాకుండా వీధి కాలువలోకి వదలండి. ఉప్పు, సోడా కలిసిన నీరు పాదులను చవిటినేల చేస్తుంది.

జవాబు 4: భీమవరం ప్రాంతం నుంచి

మాది చేపల చెరువుల మధ్య ఊరు. మా వీధిలోని ఆర్వో ప్లాంటు నుంచి బయటకు పోయే వృథా నీటిని గిన్నెలకు, గుడ్డలకు పట్టుకుపోతున్నారు. దానిలో సబ్బు మరీ పనిచేయడం లేదు. మాస్టారు గారు దయచేసి చెప్పగలరా?

జవాబు 5: అమలాపురం అధ్యాపకుడు

ఆర్వో యంత్రం మంచినీటిని ఒకవైపుకు పంపి, లవణాలన్నిటినీ మిగిలిన నీటిలోకి నెడుతుంది. అందుచేత ఆ వృథా నీరు మీ బోరు నీటి కంటే కఠినంగా, ఉప్పగా ఉంటుంది. మరుగుదొడ్డి కడగడానికి పనికివస్తుంది తప్ప గుడ్డలకు వద్దు. సబ్బు తయారు చేయాలనుకుంటే మాత్రం ఆర్వో మంచినీరు వాననీటి అంత బాగా పనికివస్తుంది.

ప్రశ్న వేసిన గృహిణి, ఐదు వారాల తరువాత

మాస్టారు గారికి, అక్కగారికి, ఆరోగ్య కార్యకర్త గారికి నమస్కారాలు. మీరు చెప్పినట్టు పాత బిళ్ళలను తురిమి, 110 గ్రాముల నూనె పోసి కరిగించి మళ్ళీ అచ్చులో వేశాను. ఇప్పుడు చేతులు మండటం లేదు, అంట్లకు వాడుతున్నాము. మా ఊరి పచారీ దుకాణంలో చాకలి సోడా అడిగితే వంట సోడా ఇచ్చారు. రెండు రోజులు నురగ రాక, తరువాత పొట్లం చూసి మార్పించుకున్నాను. ఎవరైనా కొనేటప్పుడు ఈ సంగతి గమనించగలరు.

సీసాల పరీక్ష కూడా చేశాను, పిల్లలిద్దరూ చుక్కలు లెక్కపెట్టారు. మాస్టారు గారు కొబ్బరి సబ్బు అన్నారు కనుక మా ఆడపడుచు ఇంటి నుంచి అచ్చంగా కొబ్బరి నూనెతో చేసిన బిళ్ళ తెప్పించుకున్నాను. వాననీటికి ఆరు చుక్కలు, ఉప్పు కలిపిన వాననీటికి తొమ్మిది పట్టాయి. బోరు నీటికి నలభై దాటినా నురగ నిలవలేదు. కనుక మా ఇంటి బాధ ఉప్పు కంటే ఎక్కువగా కాఠిన్యమేనని అర్థమయింది. అదే సబ్బు నీటిని సోడా వేసి తేర్చిన బోరు నీటిలో వేస్తే పదకొండు చుక్కలకు నురగ నిలిచింది. మా అత్తగారు ఆ సీసాను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, పండక్కి తలంట్లు కుంకుడుకాయతోనే జరగాలని, పెరటి గట్టు మీద పిల్లల చేతులకు మాత్రం సబ్బు పెట్టమని చెప్పారు. వాననీరు పట్టడానికి రెండు డబ్బాలు చూరు కింద పెట్టాము. మాఘమాసంలో మొత్తం కొబ్బరి నూనెతో, 146 గ్రాముల కొలతతో పోయాలనుకుంటున్నాను. అప్పటిదాకా కాయను అటక మీద కురిడీ కట్టనిస్తున్నాము.